పెన్సిల్ గారికి సన్మానం

రబ్బరు ఒకే వైపుకి నడవాలని లైబ్రేరియన్ అమ్మాయి చెప్పింది. ముందుకీ వెనక్కీ గీకితే కాగితం ముడత పడుతుంది. ఎడమచేతి వేళ్లు విడదీసి పేజీని బల్లకేసి అదిమిపట్టాలి, కుడిచేత్తో తేలిగ్గా తుడవాలి, రాలిన పొట్టుని నోటితో ఊదకుండా మెత్తటి బ్రష్షుతో దులిపెయ్యాలి. ఊదితే తుంపర్లు పడతాయి, తుంపర్లు పడితే మచ్చలొస్తాయి. ఇదంతా ఆ అమ్మాయి ఒక పాత నవల మీద చేసి చూపించింది. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, తను మొట్టమొదటిసారి జరుపుతున్న పుస్తకాల వారం. అందులో మొదటి రోజుకి 'శుభ్రం రోజు' అని పేరు పెట్టి, పాఠకులే వచ్చి తమ పుస్తకాలు తామే బాగుచేసుకోవాలని కనబడిన ప్రతివాళ్ల వెంటా పడింది. జనం బాగానే వచ్చారు. కూర్చుని చేసే పని, పైగా టీ ఇస్తానంది.

పొడవాటి బల్ల చివర, కిటికీ పక్కన, ఎంక్వయిరీ ఆవిడ కూర్చుంది. బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనకాల ఉద్యోగం కాబట్టి ఊరందరికీ ఆమె ఎంక్వయిరీ ఆవిడే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి ఎప్పుడొస్తుందో చెప్పడం తప్ప పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెకి వేరే మాటతో పని లేదు. ఇంటికెళ్తే, భర్తది మైకుసెట్ల వ్యాపారం. సభలకి మైకు పెట్టడం, పెట్టాక 'హలో హలో' అంటూ వక్తలకంటే ఎక్కువసేపు తనే మాట్లాడటం ఆయనకి అలవాటు. అత్తగారికైతే మైకు అవసరమే లేదు. వాళ్లిద్దరి మధ్యా ఈమె వంతు వచ్చేసరికి భోజనాలు అయిపోయి కంచాలు కూడా ఎత్తేసి ఉంటారు. దాంతో నోట్లో నాలుక లేని మనిషని ఊళ్లో పేరు పడిపోయింది.

ఆ మాట శుద్ధ తప్పు. నాలుక ఉంది, కాకపోతే అది పెన్సిల్ మొనలో ఉంది. బస్సుకీ బస్సుకీ మధ్య దొరికే ఖాళీలో ఆమె కిటికీ కింద పుస్తకం తెరుచుకుని చదువుతుంది. రచయిత ఎక్కడైనా మరీ కోతలు కోస్తున్నాడనిపిస్తే ఊరుకోలేదు. అంచున, చీమ తలకాయంత అక్షరాలతో, ఒక ముక్క రాసి పడేస్తుంది. ఏళ్ల తరబడి అదే పని. ఎవరూ చూడరనే అనుకుంది. ఇప్పుడు ఊళ్లో సగం మంది రబ్బర్లు పట్టుకుని అవే అంచుల మీదికి వంగి కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద పెయింటుతో రాసిన నిబంధన ఆమెనే చూస్తున్నట్టుంది: పుస్తకాలలో వ్రాసినవారి సభ్యత్వం రద్దు చేయబడును. ఎవరి కంటా పడకముందే తన రాత తనే తుడిచేసుకోవాలని సెలవు పెట్టి మరీ వచ్చింది. కార్డే పోతే, ఆ కిటికీ వెనకాల పుస్తకం లేని మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో ఊహించుకోవడానికే ఆమెకి భయం వేసింది.

గుర్తున్న పుస్తకాలు రెండు మూడు ముందే తన వైపుకి లాక్కుంది. కానీ అన్నీ ఎక్కడ లాక్కోగలదు? పక్కన కూర్చున్న బేకరీ ఆవిడ ఒక లావుపాటి నవల తెరిచి, కాసేపు శ్రద్ధగానే తుడిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏమైందమ్మా?" అని ఎదుటినుంచి వడ్రంగి మేస్త్రీ కంగారుపడ్డాడు.

"నాకేం కాలేదు గానీ, ఇది వినండి. హీరోయిన్ కళ్ల గురించి పేజీన్నర రాశాడు మహానుభావుడు. పక్కన ఎవరో పెన్సిల్‌తో ఏం రాశారో చూడండి. 'కళ్లు అయ్యాయి, ఇంక ముక్కు మొదలు. ఈలోగా ఈ పిల్ల పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయాయి.'"

బల్ల బల్లంతా ఘొల్లుమంది. ఎంక్వయిరీ ఆవిడ తల ఇంకాస్త వంచి, ఏమీ లేని తెల్లటి అంచుని శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టింది.

"ఇక్కడ కూడా ఉంది!" అని అవతలి చివరనుంచి ఇంకెవరో అరిచారు. "జీవితంలో పైకి రావడమెలా అనే పుస్తకం. 'తెల్లవారుజామునే లేచేవారిని విజయం వరిస్తుంది' అని ఉంది. పక్కన రాశారు: 'బుద్ధెరిగినప్పట్నుంచీ లేస్తూనే ఉన్నాను. విజయమే ఇంకా లేవలేదు.'"

"డిటెక్టివ్ నవల్లో చూడండి! 'చంపిందెవరో ఇక్కడే తెలిసిపోయింది. పేరు చెప్పను. ఇన్‌స్పెక్టరుకి తెలియడానికి మాత్రం ఇంకా సగం పుస్తకం పడుతుంది. జీతం దండగ.'"

ఇంక తుడిచేవాళ్లు ఎవరు! రబ్బర్లు పక్కన పడేసి అందరూ పేజీలు తిరగేసే పనిలో పడ్డారు. దొరికినవాళ్లు నిలబడి చదువుతున్నారు, దొరకనివాళ్లు పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూస్తున్నారు. ఎంక్వయిరీ ఆవిడకి చెవులు వేడెక్కిపోయాయి. మొదట సిగ్గనుకుంది. కాసేపటికి అది సిగ్గు కాదని అర్థమైంది. తను అన్న మాటకి నలుగురు నవ్వడం ఆమె పుట్టి బుద్ధెరిగి ఇదే మొదటిసారి వినడం. ఇంకొక్కటి చదివితే బాగుండునని మనసు లాగుతోంది, ఎవరైనా తన వైపు చూస్తారేమోనని ప్రాణం బితుకుబితుకుమంటోంది.

గోల విని లైబ్రేరియన్ అమ్మాయి వచ్చింది. ముఖం సీరియస్‌గా పెట్టి, "చదవమని కాదండీ, తుడవమని చెప్పాను" అంది. బేకరీ ఆవిడ ఆ పాల ముక్క ఉన్న పుస్తకం ఆమె చేతికిచ్చింది. అమ్మాయి చదివి, పెదవి కొరుక్కుని, పక్కకి తిరిగి దగ్గినట్టు చేసింది.

"ఇది మాత్రం తుడవకండమ్మా" అన్నాడు వడ్రంగి మేస్త్రీ.

ఆయన ముందున్నది సన్నటి నవల. పేజీ మీద అరచెయ్యి ఆనించి పెట్టుకున్నాడు. రంపం పట్టి పట్టి మొద్దుబారిన ఆ చేతి కింద సగం పేజీ కనబడటంలేదు.

"మా ఆవిడ పోయాక పొద్దుపోక ఇక్కడికి రావడం మొదలెట్టాను. అప్పుడు తీసుకెళ్లిన పుస్తకమిది. ఇందులో ఒకామె, చెల్లెలు పోయిందన్న కబురు విని కూడా అంట్లు తోముతూనే ఉంటుంది. ఇదేం మనిషిరా అని విసుగొచ్చి మూసెయ్యబోయాను. పక్కన ఇది రాసుంది." ఆయన వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాడు. "'ఇలాగే ఉంటుంది. ఏడుపు తర్వాత వస్తుంది.'"

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు.

"మా ఇంటినిండా జనం ఏడుస్తుంటే, నేను తలుపు బందు వదులైందని బిగిస్తూ కూర్చున్నానండీ. నాకేదో జబ్బు చేసిందనుకున్నా. ఇది చదివాక కాస్త కుదుటపడ్డాను. మళ్లీ ఒకసారి కూడా తీసుకెళ్లా, ఈ ముక్క కోసమే."

ఎంక్వయిరీ ఆవిడ చేతిలో రబ్బరు జారి బల్ల కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతికే వంకతో వంగి, అవసరమైనదానికంటే చాలాసేపు బల్ల కిందే ఉండిపోయింది.

పైకి లేచేసరికి చర్చ మారిపోయింది. ఇంతకీ రాసిందెవరు? బేకరీ ఆవిడకి ఇంకొకటి దొరికింది. "'మధ్యాహ్నం బయల్దేరి దీపాలవేళకి చేరాడట. ఏ బస్సులో? ఆ దారిలో పన్నెండు దాటాక బస్సే లేదు.' చూశారా! ఇది ఎవరో బస్సుల సంగతి బాగా తెలిసినవాళ్ల పనే."

తలలు ఒక్కొక్కటే కిటికీ వైపు తిరగడం మొదలుపెట్టాయి.

"నిజమే, లేదు" అన్నాడు తలుపు దగ్గర టీ తాగుతున్న మందుల షాపాయన. ఆయన పాఠకుల సంఘానికి అధ్యక్షుడు. ఏ సభ జరిగినా మధ్య కుర్చీ ఆయనదే. "సరుకు కోసం నెలకోసారి ఆ దారినే వెళ్లొస్తుంటాను కదా. పన్నెండు దాటాక బస్సుండదు." అని, ఎందుకో చిన్నగా నవ్వాడు.

పాపం ఆయన అన్నది బస్సు గురించే. కానీ ఆయన నవ్వడం ఎవరూ ఎన్నడూ చూసి ఉండలేదు. తలలన్నీ ఎంక్వయిరీ ఆవిడ మీదుగా దాటుకుని ఆయన దగ్గర ఆగాయి.

"మీరేనా అయితే!" అంది బేకరీ ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని.

"నేనా! భలేవారే మీరు" అని ఆయన ఇంకా నవ్వి, టీ గ్లాసులోకి చూసుకున్నాడు. ఔననడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని అక్కడున్న అందరికీ తోచింది. ఎంక్వయిరీ ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

లైబ్రేరియన్ అమ్మాయి కాసేపు ఆలోచించి, పెన్సిల్ రాతలున్న పుస్తకాలన్నీ తుడవకుండా విడిగా పెట్టమంది. చివరి రోజు సభలో పెన్సిల్ గారికి సన్మానం చేస్తానంది. అందరూ చప్పట్లు కొట్టారు. "సన్మానం అయ్యాక కార్డు ఏడాది పాటు రద్దు చేస్తాను" అని కూడా అంది. అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. "నిబంధన నిబంధనేనండీ. రేపు పై ఆఫీసుకి జవాబు చెప్పుకోవాల్సింది నేను కదా" అంది.

*

ఎంక్వయిరీ ఆవిడ ఇంటికి చేరేలోగానే కబురు చేరిపోయింది. భర్త ఆంప్లిఫయరు విప్పి, పాత గుడ్డ మీద స్క్రూలు పరుచుకుని కూర్చున్నాడు. భార్యని చూడగానే స్క్రూడ్రైవరు గాల్లోకి ఎత్తాడు.

"విన్నావా? పుస్తకాల్లో రాసేది మన మందుల షాపాయనట! రేపటికీ, చివరి రోజు సభకీ మైకు మనదే. రెండు పెద్ద స్పీకర్లు పెట్టమంది ఆ లైబ్రరీ అమ్మాయి. అంత చిన్న హాలుకి రెండెందుకమ్మా అంటే, పెన్సిల్ గారి మాట ఆఖరి వరసకి కూడా వినబడాలంటుంది."

"నేను నమ్మనురా" అని లోపలి గదినుంచి అత్తగారు గొంతు కలిపింది. గొంతు వెనకే మనిషి వచ్చింది. "ఆయన ఏనాడైనా నవ్వగా చూశావా నువ్వు? దగ్గు మందు అడిగితే, మనం కావాలనే దగ్గుతున్నట్టు చూస్తాడు. ఆయనకి ఇంత చమత్కారమా! పైగా ఇంకోటుంది. నీ పెళ్లాం తెచ్చే ప్రతి పుస్తకంలోనూ ఆ రాతలుంటాయి. నేను ముందు అవన్నీ వెతుక్కుని చదువుకున్నాకే కథ మొదలుపెడతాను. ప్రతి పుస్తకంలోనూ అంటే, ఈమె కంటే ముందే అన్నీ ఆయన చదివేస్తున్నాడా? మరి కొట్టు ఎవరు చూస్తున్నట్టు?"

కూరగాయలు తరుగుతున్న ఎంక్వయిరీ ఆవిడ చెయ్యి ఆగింది. అత్తగారు చదువుతుందని తెలుసు. వెతుక్కుని మరీ చదువుతుందని తెలీదు.

"నువ్వేమంటావే?" అంది అత్తగారు.

ఆమె నోరు తెరిచేలోగా భర్త అందుకున్నాడు. "దానికేం తెలుస్తుందమ్మా, పొద్దస్తమానం ఆ కిటికీలో ఇరుక్కునే మనిషికి!" ఆ తర్వాత మాట స్పీకర్ల మీదికి, స్పీకర్ల మీదినుంచి అద్దె ఎగ్గొట్టినవాళ్ల మీదికి మళ్లింది.

ఎంక్వయిరీ ఆవిడ తరగడం మళ్లీ మొదలుపెట్టింది. ఆలోచిస్తే ఇదీ ఒకందుకు మంచిదే అనిపించింది. సన్మానం ఆయనకి, కార్డు తనకి. ఆయన కార్డు రద్దయినా నష్టమేం లేదు, ఆయన పుస్తకం పట్టుకెళ్లగా ఎవరూ చూసింది లేదు. తనకి కావలసింది మధ్యాహ్నం పూట ఒక పుస్తకం, చిన్న పెన్సిల్ ముక్క. వేదికలెక్కే సరదా ఏనాడూ లేదు. అలా అనుకున్నాక ఆమెకి నిజంగానే తేలికపడ్డట్టయింది.

మర్నాడు లైబ్రరీలో కథ చెప్పే సాయంత్రం. చదివిన కథ ఏదైనా ఒకటి సొంత మాటల్లో చెప్పాలి, కానీ ముగింపు చెప్పకూడదు. ముగింపు కావలసినవాళ్లు పుస్తకం పట్టుకెళ్లి చదువుకోవాలి. ఇది ఆ లైబ్రేరియన్ అమ్మాయి ఎత్తు. బేకరీ ఆవిడ వచ్చి, పడవ మునిగిపోయే కథ చెప్పి, సరిగ్గా పడవ ఒరిగేచోట ఆపేసి, "నాకు బ్రెడ్లు దింపే టైమయింది" అని కిందికి దిగిపోయింది. జనం గగ్గోలు పెట్టారు. ఆ పుస్తకం కోసం బీరువా దగ్గర తోపులాట జరిగింది. ఎంక్వయిరీ ఆవిడ ఆఖరి వరసలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది.

మందుల షాపాయన ముందు వరసలో ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆగి పలకరిస్తున్నారు. "ఇన్‌స్పెక్టరు జీతం దండగని భలే రాశారండీ" అంటే ఆయన కళ్లు చికిలించి, చెయ్యి ఊపి, "ఏదోలెండి" అంటున్నాడు. అది చూసి కూడా ఎంక్వయిరీ ఆవిడకి నవ్వే వచ్చింది. ఏళ్ల తరబడి దగ్గు మందులు అమ్ముకున్న మనిషి, ఒక్క వారం సరదా పడితే తన సొమ్మేం పోయింది!

అంతలో వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. చేతులు కడుక్కుని, తడి చొక్కాకి తుడుచుకుని, మందుల షాపాయన ముందు నిలబడ్డాడు. ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"అయ్యా, ఆ ఏడుపు గురించి రాసింది... మీకెలా చెప్పాలో తెలీడంలేదు. ఆ ముక్క లేకపోతే నేనేమైపోయేవాడినో."

మందుల షాపాయన ముఖంలో నవ్వు తడబడింది. ఆ ఒక్క క్షణం ఆయన కాదనేస్తాడనే అనుకుంది ఎంక్వయిరీ ఆవిడ. చుట్టూ జనం చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏదో మేస్త్రీ... ఆ సమయానికి మనసుకి తోచింది రాశాను" అన్నాడు.

ఎంక్వయిరీ ఆవిడకి ఒళ్లు భగ్గుమంది. పాల జోకు తీసుకో, బస్సు తీసుకో, విజయాన్ని కూడా నువ్వే నిద్రలేపుకో. అది మాత్రం నీది కాదు. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. వచ్చి, అలవాటు ప్రకారం, అక్కడే ఆగిపోయింది. భర్త మైకులో తర్వాతి కథకుణ్ణి పిలుస్తున్నాడు, తనూ రెండు ముక్కలు చేర్చి. ఆమె లేచి ఇంటికి వచ్చేసింది.

*

ఆ తర్వాత రోజు కిటికీ వెనకాల ఆమెకి పుస్తకం సాగలేదు. చదివిన పేరానే చదివింది. పెన్సిల్ తీసింది, ఏమీ రాయకుండానే లోపల పెట్టేసింది. రాస్తే ఇంకెవరి పేరు మీదికో పోతుందని కాదు గానీ, చెయ్యి రాలేదు.

చెప్పేస్తే ఏమవుతుంది? కార్డు పోతుంది. ఏడాది. చెప్పకపోతే? ఆ మేస్త్రీ ఆ చేతులే పట్టుకుని జీవితాంతం దండం పెడుతూ ఉంటాడు. పెట్టుకోనీ, ఆయనకి ఊరట దొరికింది కదా అని సర్దిచెప్పుకుంది. మనసు సర్దుకోలేదు. ఆ ముక్క రాసినప్పుడు ఆమె ఎవరికోసమూ రాయలేదు. అది తన చెల్లెలి తాలూకు సంగతి. జోకులు పంచిపెట్టుకోవచ్చు, అది ఎలా ఇచ్చేస్తుంది?

బస్టాండు కాస్త ఖాళీ అయ్యాక ఆమె కిటికీ అద్దంలో తన నీడకేసి చూస్తూ, మెల్లగా పలికి చూసుకుంది. "అది రాసింది నేను." గొంతు కీచుగా వచ్చింది. ఇంకాస్త గట్టిగా అంది. "అది రాసింది నేనేనండీ."

అద్దం వెనక ఒక సూట్‌కేసూ, దాని వెనక ఒక మనిషీ ప్రత్యక్షమయ్యారు. "ఏంటమ్మా?"

"రెండో ప్లాట్‌ఫాం" అంది ఆమె.

"నేనింకా ఏ ఊరో చెప్పలేదే!"

"ఏ ఊరైనా ఇప్పుడు రెండో ప్లాట్‌ఫామేనండీ" అని తప్పించుకుంది.

*

చివరి రోజు సాయంత్రానికి హాలు నిండిపోయింది. భర్త పొద్దున్నుంచే వచ్చి, ఎవరి కాలికీ తగలకుండా వైర్లన్నీ గోడ వారగా టేపుతో అంటించి, రెండు స్పీకర్లూ రెండు మూలలా నిలబెట్టాడు. వేదిక మీద బల్ల, బల్ల మీద పెన్సిల్ రాతల పుస్తకాలు. వాటి పక్కన మోచేతి పొడవున్న చెక్క పెన్సిల్. వడ్రంగి మేస్త్రీ చేసి తెచ్చాడు. ఆరు పలకలూ సమంగా దూసి, మొనకి నల్లరంగు వేసి, నున్నగా పాలిష్ పెట్టాడు. అందరూ వచ్చి దాన్ని వేలితో తడిమి చూసి వెళుతున్నారు. అత్తగారు కూడా ముందు వరసలో చోటు సంపాదించింది. ఎంక్వయిరీ ఆవిడ ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది.

మందుల షాపాయన మాట్లాడటానికి లేచాడు. పుస్తకం మంచి నేస్తమన్నాడు. చదువు వెలుగన్నాడు. నేటి యువత అనే మాట నాలుగైదుసార్లు అన్నాడు. జనం మర్యాదగా విన్నారు. నవ్వుదామని సిద్ధపడి వచ్చినవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు.

"రాతలో ఉన్న సరుకు మాటలో లేదేంటమ్మా?" అని బేకరీ ఆవిడ గుసగుసలాడింది. ఆవిడ గుసగుస మూడు వరసలకి వినబడింది.

"ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగొచ్చు" అంది లైబ్రేరియన్ అమ్మాయి.

వడ్రంగి మేస్త్రీ లేచాడు. సభల్లో మాట్లాడే అలవాటు లేని మనిషి, ముందు కుర్చీ వీపుని గట్టిగా పట్టుకున్నాడు. అది కాస్త కిర్రుమంటే, అలవాటు కొద్దీ ఒకసారి కదిపి చూశాడు.

"ఒక్క మాటండీ. ఏడుపు తర్వాత వస్తుందని రాశారు. ఎంత తర్వాత వస్తుందండీ? నాకింకా రాలేదు."

"అంటే... మేస్త్రీ..." మందుల షాపాయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. "కాలం... కాలమే అన్నిటికీ మందు..."

"అది అందరూ చెబుతున్నారండీ. రాసినవారు కాబట్టి మీకు సరిగ్గా తెలుస్తుందని అడుగుతున్నా." ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని నిలబడ్డాడు.

మందుల షాపాయన నీళ్లు తాగాడు. గ్లాసు దింపాడు. మళ్లీ ఎత్తాడు. ఆఖరి వరసలో ఎంక్వయిరీ ఆవిడకి సంచిలో ఉన్న కార్డు గుర్తొచ్చింది. ఏడాది మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. కానీ ఒక మనిషి ఎదురుగా నిలబడి అడుగుతున్నాడు, ఆ జవాబు తనకి తెలుసు. తెలిసిన జవాబు చెప్పకుండా మనిషిని తిప్పి పంపడం ఆమె ఉద్యోగంలో ఏనాడూ ఎరగదు. లేచి నిలబడింది.

"దానికి టైమంటూ ఉండదండీ" అంది.

కిటికీ వెనకనుంచి మాట్లాడే గొంతే అది. గట్టిగా ఉండదు, తొందరా ఉండదు. అందరూ వెనక్కి తిరిగారు. వడ్రంగి మేస్త్రీ కూడా తిరిగాడు. ఆమె ఆయన్ని తప్ప ఎవర్నీ చూడలేదు.

"మా చెల్లెలు పోయినప్పుడు నాకూ రాలేదు. వెళ్లి అన్ని పనులూ నేనే చేశాను. మర్నాడూ రాలేదు. డ్యూటీకెళ్లాను. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి. ఒకరోజు కిటికీ దగ్గరికి ఎవరో వచ్చి, మా చెల్లెలుండే ఊరికి ఆఖరి బస్సెప్పుడని అడిగారు. చెప్పాను. ప్లాట్‌ఫాం కూడా చెప్పాను. వాళ్లు వెళ్లిపోయాక, అప్పుడొచ్చింది. కిటికీ మూసేసుకుని కూర్చున్నాను. బయటనుంచి జనం తలుపు కొడుతూనే ఉన్నారు."

స్పీకర్లలోంచి సన్నగా గుయ్యిమనే మోత వస్తోంది. భర్త చెయ్యి చాపి ఆంప్లిఫయరు ఆపేశాడు. ఆ కిటికీ మూసుకున్న రోజు సంగతి ఆయనకి కూడా తెలీదు. మైకు పట్టుకుని, మాట్లాడకుండా, భార్య వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"మీకూ వస్తుంది. ఏదో పనిలో ఉండగా వస్తుంది. వచ్చినప్పుడు ఆ పని ఆపెయ్యండి. అంతే" అంది ఆమె.

వడ్రంగి మేస్త్రీ తల ఊపాడు. "అయితే వస్తుందంటారు."

"వస్తుందండీ."

"అది చాలమ్మా" అని ఆయన కూర్చున్నాడు.

ఎవరికీ ఎవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మొదట బేకరీ ఆవిడే లేచి చప్పట్లు కొట్టింది. "బస్సుల సంగతి తెలిసినవాళ్లని నేను మొదటిరోజే అనలేదూ!" అని అందరికీ వినబడేలా అంది. తర్వాత హాలంతా లేచింది.

మందుల షాపాయన చెక్క పెన్సిల్ రెండు చేతులతో ఎత్తుకుని వేదిక దిగాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కుర్చీల మధ్యనుంచి ఆఖరి వరస దాకా నడిచొచ్చాడు.

"నేను రాశానని నేనెవరితోనూ అనలేదమ్మా" అని మొదలుపెట్టి, పక్కనే మేస్త్రీ కనబడేసరికి ఆగిపోయాడు. "ఆయనతో అన్నాను. ఆయనతోనే అనకూడనిది. నన్ను చూసి జనం నవ్వుముఖం పెట్టడం నాకు అలవాటు లేదు మేస్త్రీ. ఈ వారమంతా చాలా బాగుంది. మన్నించాలి."

"పోనీలెండి" అన్నాడు మేస్త్రీ. "ఆ పెన్సిల్ జాగ్రత్తగా పట్టుకోండి, మొన దగ్గర రంగు పచ్చిగా ఉంది."

అప్పటికే అంటుకుంది. ఆయన కొత్త చొక్కా మీద నల్లటి గీత చూసి, ఆయన దాన్ని చూసుకోవడం చూసి, హాలంతా ఫక్కుమంది. ఆయన కూడా నవ్వాడు. ఈసారి ఆ నవ్వు ఆయన సొంతం.

ఎంక్వయిరీ ఆవిడని వేదిక మీదికి తీసుకెళ్లారు. పెన్సిల్ చేతికిచ్చారు, చిన్నపిల్లనెత్తుకున్నట్టు పట్టుకుంది. లైబ్రేరియన్ అమ్మాయి దగ్గరికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం తడబడలేదు.

"కార్డు తెచ్చారాండీ?"

హాల్లో గొడవ లేచింది. ఇదేం న్యాయమన్నారు, ఇదేం అన్యాయమన్నారు. ఎంక్వయిరీ ఆవిడ సంచిలోంచి కార్డు తీసి ఇచ్చేసింది. అంచులు నలిగి మెత్తబడిన కార్డు. ఇచ్చాక చెయ్యి ఖాళీగా అనిపించింది. కానీ తను భయపడినంత బాధగా లేదు, ఎందుకో ఆమెకే అర్థం కాలేదు.

"ఇదిగో అమ్మాయ్" అని అత్తగారి గొంతు మైకు లేకుండానే రెండు మూలలా మోగింది. "నాకొక కార్డు రాసివ్వు. మీ నిబంధనలో నాకు కార్డు ఇవ్వకూడదని ఉందా?"

"లేదండీ" అంది లైబ్రేరియన్ అమ్మాయి, ముఖం వెలిగిపోతూ.

"అయితే రాయి. పుస్తకం నా పేరు మీద వస్తుంది. ఇంట్లో ఎవరు ముందు చదువుతారో అది మా ఇంటి సంగతి."

"మరి అంచుల్లో ఎవరూ రాయకూడదండీ."

"అంచుల్లో ఎందుకు రాస్తుంది? నాకు చెబుతుంది" అంది అత్తగారు.

లైబ్రేరియన్ అమ్మాయి కొత్త కార్డు తీసి, పేరు రాసి, ముద్ర వేసింది. "మొదటి పుస్తకం ఏది కావాలండీ?" అని అడిగింది.

"అదేదో మా కోడల్నే అడుగుతానుండు" అంది అత్తగారు. కోడలి వైపు తిరిగి, "ఏది తీసుకుందామే?" అంది. అని, ఇంకొక్క మాట కూడా కలపకుండా ఆగింది. భర్త వైరు చుడుతున్న చెయ్యి ఆపి, తనూ ఆగాడు. వాళ్లిద్దరూ అలా నోరు మూసుకుని నిలబడి ఎదురుచూస్తుంటే, ఎంక్వయిరీ ఆవిడ ఏమాత్రం తొందరపడకుండా బీరువా దాకా నడిచి, ఒక్కొక్క పుస్తకం పేరే చదువుకుంటూ తీరిగ్గా ఆలోచించసాగింది.